పాత టైరు – కొత్త తొడుగు

చక్రమునకు తొడుగు మార్చుట మోటారుబండితో పుట్టిన విద్య కాదు. ఎడ్లబండి చక్రమునకు ఇనుపపట్టా వేయుట ఒకప్పుడు మన పల్లెలలో ప్రతివారును చూచిన పనియే. కమ్మరి చక్రమును కొలిచి, దాని చుట్టుకొలతకంటె కొంచెము తక్కువగా పట్టాను వంచి అతికి, పిడకల మంటలో ఎర్రగా కాల్చును. కాలిన ఇనుము సాగును. దానిని పటకారులతో ఎత్తి చక్రముపై దించి వెంటనే నీరు పోయుదురు. చల్లారిన పట్టా ముడుచుకొని, కర్ర అంచును ఆకులను ఒక్కటిగా బిగించివేయును. కొన్నేండ్లకు పట్టా అరిగిపోయినప్పుడు రైతు చక్రమును పారవేయడు. కర్ర గట్టిగా నున్నదో, పుచ్చినదో తట్టి చూచును. గట్టిదైనచో కొత్త పట్టా వేయించును. పుచ్చినదైనచో కొత్త చక్రమే చేయించును. నేడు లారీ యజమాని ముందున్న ప్రశ్న అంతయు ఆ తట్టి చూచుటలోనే ఇమిడియున్నది.

ఆ ప్రశ్న ఇది: అరిగిన టైరుపై కొత్త రబ్బరు అతికించి, మరల రోడ్డెక్కించుట లాభమా, నష్టమా? ఇంగ్లీషువారు దీనిని రీట్రెడింగు అందురు. మన లారీలవారి నోట అది రీబటన్ అయినది. చవక గనుక లాభమని కొందరు, ప్రాణాపాయము గనుక వలదని కొందరు దశాబ్దములుగా వాదించుచున్నారు. ఇరువురి మాటలకును ఆధారములున్నవి. అయితే ఆ ఆధారములు ఏ కాలమున, ఏ పరిస్థితులలో ఏర్పడినవో తెలిసికొననిదే తీర్పు చెప్పుట సాధ్యము కాదు. కావున ముందు చరిత్ర చూచి, తరువాత లెక్క చూతము.

‘టైరు’ అను మాటకు మూలము వస్త్రాలంకారమను అర్థముగల పాత ఇంగ్లీషుపదమని నిఘంటుకారుల అభిప్రాయము. అనగా టైరు చక్రమునకు కట్టిన బట్ట. ఆ బట్ట మొదట ఇనుము, తరువాత రబ్బరు. రబ్బరుచెట్టు పాలు ఎండకు జిగురై, చలికి పెళుసై, చిరకాలము ఏ పనికిని గట్టిగా నిలువలేదు. 1839లో అమెరికావాసి చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసినచో అది ఎండకు కరగక, చలికి పగులక, సాగిన పిదప యథాస్థితికి వచ్చునని కనుగొనెను. 1844లో ఆయనకు పేటెంటు లభించెను. ఇంగ్లండులో థామస్ హాన్‌కాక్ ఇంచుమించు అదేకాలమున అట్టి పేటెంటునే పొందెను. మనము ‘రబ్బరును వండుట’ అనదగిన ఈ ప్రక్రియ లేనిదే టైరు లేదు, టైరును మరల కట్టుట అంతకన్న లేదు.

గాలి నింపిన టైరును మొట్టమొదట ఊహించినది రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు ఇంజనీరు. ఆయన పేటెంటు 1845 నాటిది. కాని అప్పటికి మోటారులు లేవు, సైకిళ్లు లేవు. గుర్రపుబండ్లకు అది ఖరీదైన విలాసముగా తోచెను. లోకము దానిని మరచిపోయినది. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నున్న జాన్ బాయ్డ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల సైకిలుకై ఆ ఊహను స్వతంత్రముగా మరల కనుగొనెను. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్ నుండి బోర్డోకు పోయి వచ్చు మోటారు పందెములో గాలిటైర్ల కారును నడిపిరి. దారి పొడవున టైర్లు పగులుచునేయున్నను బండి గమ్యము చేరెను. మోటారుబండి గాలిపై నడువగలదని అందువలన రుజువయ్యెను.

అప్పటికి రబ్బరు దొరకు చోటు కూడ మారుచుండెను. 1876లో హెన్రీ వికామ్ అను ఆంగ్లేయుడు బ్రెజిలు అడవులనుండి సుమారు 70 వేల రబ్బరు గింజలను లండన్ దగ్గరి క్యూ తోటకు చేర్చెను. మొలకెత్తినవి కొన్ని వేలు మాత్రమే. ఆ మొక్కలే సింహళమునకు, సింగపూరునకు చేరి మలయా, ఇండొనీషియా రబ్బరుతోటలకు పునాదియైనవి. మనదేశమున 1902లో కేరళలోని పెరియార్ నదీతీరమున తట్టేకాడువద్ద మొదటి వాణిజ్యపుతోట వేసిరి. ప్రపంచపు చక్రములన్నియు ఆసియా ఆగ్నేయభాగముననున్న చెట్లపై ఆధారపడు స్థితి ఈ విధముగా ఏర్పడినది. ఆ ఆధారము తెగిననాడు ఏమైనదో కొంచెము ముందుకు పోయి చూతము.

ఆనాటి టైరు మహా ఖరీదైనది, మహా అల్పాయువుకూడ. కొన్నివేల మైళ్లు నడుచుటయే గొప్ప. అందులో బొగ్గుమసి వంటి నల్లనిపొడి కలిపినచో రబ్బరు అరుగుదలకు ఎన్నోరెట్లు తట్టుకొనునని 1904 ప్రాంతమున ఇంగ్లండులో కనిపెట్టిరి. 1910 తరువాతనే టైర్ల తయారీలో అది స్థిరపడినది. నేడు టైరు నల్లగా ఉండుటకు కారణమిదియే. అంతవరకు తెల్లగానో బూడిదరంగుగానో ఉండి, త్వరగా అరిగిపోవు టైరును కాపాడుకొనుటకు కారుల యజమానులు తోలుపట్టీలకు ఇనుపమేకులు దిగగొట్టి పైన తొడిగించుకొనెడివారు. ఈ తొడుగుల ఆలోచనయే ముదిరి, అరిగిన రబ్బరును గీకివేసి పచ్చిరబ్బరు పట్టీని అతికించి అచ్చులో ఉడికించు పద్ధతియైనది. ఆ పట్టీ నడుమ మందముగను అంచులయందు పలుచగను ఉండుటచేత అమెరికనులు దానికి ‘ఒంటెమూపు’ అను అర్థమిచ్చు పేరు పెట్టిరి.

లారీలు మాత్రము చాలకాలము గట్టిరబ్బరు చక్రములమీదనే నడచినవి. 1917లో గుడ్‌ఇయర్ సంస్థవారు అక్రన్ నుండి బోస్టన్‌కు గాలిటైర్ల లారీని నడిపి, అవి బరువు మోయగలవని చూపనెంచిరి. మొదటి ప్రయాణమున టైర్లను అనేక మార్లు మార్చవలసివచ్చినను వారి ఉద్దేశము నెరవేరినది. లారీకి గాలిటైరు వచ్చిన తరువాతనే మన ప్రశ్నకు అసలు ఆర్థికరూపము వచ్చినది. ఏలయన లారీటైరులో నేలకు తగులు పైపొర వెల తక్కువ. గాలి ఒత్తిడిని, సరకు బరువును మోయు లోపలి ఒడలు వెల ఎక్కువ. మన పనివారు కేసింగు అను ఆ ఒడలును దారపుపొరలతోనో ఉక్కుతీగెలతోనో అల్లుదురు. పైపొర అరుగునప్పటికి ఒడలు సగము బ్రతుకైనను బ్రతుకదు. అంగీ మోచేయివద్ద చిరిగినంతమాత్రమున అంగీని పారవేయుదుమా?

ఇక యుద్ధము. 1941 డిసెంబరు 7న జపాను పెర్ల్ హార్బరుపై దాడిచేసెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పడిపోయెను. మలయా, ఇండొనీషియా తోటలు శత్రువు వశమగుటతో మిత్రరాజ్యములకు వచ్చు సహజరబ్బరులో దాదాపు 90 శాతము నిలిచిపోయినది. అమెరికాలో ఆహారముకంటెను, పెట్రోలుకంటెను ముందు రేషను పెట్టిన వస్తువు టైరే; అది 1942 జనవరిలో జరిగెను. ఆ ఏటి జూనులో అధ్యక్షుడు రూజ్‌వెల్టు పాత రబ్బరును పౌనుకు ఒక సెంటు చొప్పున తెచ్చియిమ్మని ప్రజలను కోరెను. తరువాత గంటకు 35 మైళ్లు మించి కార్లు నడుపరాదనిరి. దేశమంతటను పెట్రోలుకు రేషను పెట్టుట కూడ పెట్రోలు లేక కాదు, టైర్లు అరుగకుండుటకు. బెర్నార్డ్ బరూక్ అధ్యక్షతను నియమితమైన సంఘము ఆ సెప్టెంబరులో ఇచ్చిన నివేదికలో రబ్బరుకొరత దేశరక్షణకే ముప్పు కాగలదని హెచ్చరించినది. అటుపిమ్మట కృత్రిమ రబ్బరు కర్మాగారములు లేచినవి. 1945 నాటికి అవి ఏటికి ఏడెనిమిది లక్షల టన్నులు తయారుచేయుచుండెను.

ఈ నడిమికాలములో దేశమును నడిపించినది కొత్త టైరు కాదు, మరల తొడుగు వేసిన పాత టైరు. వైద్యుడు రోగి యింటికి పోయినను, పాలబండి వీధికి వచ్చినను దానిమీదనే. కాని ఆ టైరు ఎట్టిది? పదేండ్లు అరిగి, అంచులు చిట్లి, శాంతికాలమున చెత్తలో వేయదగిన ఒడలుకు సయితము తొడుగు వేసిరి. అతికించినదియు మంచి రబ్బరు కాదు. పాత రబ్బరును కరగించి తీసినదో, తొలినాటి కృత్రిమరబ్బరో. అది వేడెక్కి ఊడుట సహజము. ‘రీట్రెడు టైరు ఊడిపోవును’ అను అపకీర్తి ప్రపంచమంతట పాతుకొన్నది ఆ రోజులలోనే. యుద్ధము ముగిసినది, కొరత తీరినది, రబ్బరు మారినది. అపకీర్తి మాత్రము కారణమునకంటె దీర్ఘాయువై మిగిలినది. ఈ సంగతి మన విచారణకు ముఖ్యము. ఆనాడు విఫలమైనది తొడుగువేయు విద్య కాదు. తొడుగుకు తగని ఒడలు, ఒడలుకు తగని రబ్బరు.

యుద్ధము మన ముంగిటికిని వచ్చినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసినవి. పెట్రోలు దొరకక, వెనుకభాగమున కుంపటి తగిలించుకొన్న బొగ్గుగ్యాసు బస్సులు మన రోడ్లపై పొగలు గ్రక్కుచు నడచిన కాలమది. దేశములో అప్పటికి టైర్ల ఉత్పత్తి అంతంతమాత్రము. హుగ్లీ తీరమున సాహాగంజ్‌లో డన్‌లప్ సంస్థవారి కర్మాగారము 1936లో మాత్రమే ఏర్పడినది. సింహళము, దక్షిణభారతముల రబ్బరు ఒక్కసారిగా బంగారమైనది. స్వాతంత్ర్యము వచ్చిన యేటనే, 1947లో, రబ్బరు చట్టము చేసి రబ్బరుసాగును ప్రోత్సహించు బోర్డును శాశ్వతముగా ఏర్పాటుచేసిరి.

యుద్ధానంతరము రోడ్డురవాణా విస్తరించినది గాని, టైర్లు అగ్గువ కాలేదు. ఒక్క లారీతో బ్రతుకు సాగించువానికి కొత్త టైర్ల జత కొనుట కూతురి పెండ్లి చేయుటవంటిది. అందుచేత తొడుగురబ్బరుకు మంచి గిరాకి ఏర్పడినది. ఆ గిరాకిని గుర్తించినవారిలో కె.ఎం.మమ్మెన్ మాప్పిళ్లై ఒకరు. 1946లో మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఒక చిన్న పాకలో పిల్లలు ఆడుకొను బుడగలు చేయుటతో వారి వ్యాపారము ఆరంభమైనది. 1952లో ఆయన తొడుగురబ్బరు తయారీలో ప్రవేశించిరి. విదేశీసంస్థలు పాతుకొనియున్న రంగమది. నాలుగేండ్లలో, అనగా 1956 నాటికి, దేశపు తొడుగురబ్బరు వ్యాపారములో సగము వారి చేతికి వచ్చినది. కొత్త టైరు చేయుట 1961లో అమెరికాలోని మాన్స్‌ఫీల్డ్ సంస్థ సహకారముతో జరిగినది. నేడు దేశమంతట ఎం.ఆర్.ఎఫ్. అను మూడక్షరములతో ప్రసిద్ధమైన ఆ సంస్థ చరిత్రలో కొత్త టైరుకంటె పాత టైరు తొడుగే ముందు పుట్టినది. మనదేశపు టైరు పరిశ్రమకు తొడుగువిద్య సవతిబిడ్డ కాదు, పెద్దబిడ్డయే.

ఆ తరువాత వచ్చిన పెద్దమార్పు జర్మనీ నుండి వచ్చినది. పాతపద్ధతిలో పచ్చిరబ్బరు అంటించిన టైరును అచ్చులోపెట్టి సుమారు 150 డిగ్రీల వేడిలో ఉడికించెడివారు. ఆ వేడి కొత్తరబ్బరుకు మంచిదే గాని, ఒకసారి ఉడికిన పాత ఒడలుకు మరల ఉడుకుట శ్రమ. బెర్నార్డ్ నొవాక్ అను జర్మనుడు దీనికి ఉపాయము కనిపెట్టెను. తొడుగుపట్టీని ముందుగనే విడిగా గట్టిఒత్తిడిలో ఉడికించి, గాడులు తీర్చి, సిద్ధముచేసియుంచుట. తరువాత నడుమ పలుచని పచ్చిరబ్బరుపొర వేసి అతికించి, సుమారు 100 డిగ్రీల తక్కువవేడిలో ఆ పొరను మాత్రము ఉడికించుట. మన పనివారు దీనిని కోల్డ్ పద్ధతి అందురు; పేరుకు చల్లనిదే గాని, చేయి పెట్టరాని చల్లదనము. అమెరికాలోని మస్కటైన్ పట్టణవాసి రాయ్ కార్వర్ 1957లో ఆ హక్కులు కొని, బాండాగ్ సంస్థను స్థాపించెను. మనదేశమునకు ఆ పద్ధతి 1970ల తరువాత వ్యాపించినది. బాండాగును 2007లో బ్రిడ్జ్‌స్టన్ కొనివేసినది. కొత్తటైర్ల మహాసంస్థ పాతటైర్ల తొడుగుసంస్థను కొనుట, ఈ విద్య విలువకు చాలిన సాక్ష్యము.

ఇదేకాలమున టైరు ఒడలుకూడ మారినది. 1946లో మిషెలిన్ వారు పేటెంటు పొందిన రేడియల్ అల్లికలో, పూర్వమువలె దారములు ఏటవాలుగా ఒకదానిపైనొకటి పేరక, అంచునుండి అంచునకు నిలువుగా సాగును. వానిపై ఉక్కుతీగెల పట్టీలు చుట్టబడును. ఇట్టి టైరు తక్కువ వేడెక్కును, ఎక్కువ నడచును, సరిగా చూచుకొన్నచో రెండుమూడు తొడుగులు మోయును. మనదేశపు లారీలకు ఇది ఆలస్యముగా వచ్చినది. 2000 సంవత్సరము దాటిన తరువాతనే వేగముగా వ్యాపించినది. ఉక్కుతీగెకు ఒక్కటే శత్రువు: నీరు. చిన్నకోతలో నీరుదిగి తుప్పుపట్టినచో, పైకి నిగనిగలాడు టైరు లోపల కుళ్లిపోయియుండును. ‘పైన పటారము, లోన లొటారము’ అను మన సామెత ఇట్టి టైరునకు తగినట్లు మరిదేనికిని తగదు.

ఇంతవరకు చరిత్ర. ఇక తీర్పునకు సాక్షులను పిలుతము. మొదటిసాక్షి విమానము. వందలమంది ప్రయాణికులతో అతివేగమున నేలను తాకు విమానముల టైర్లు పెక్కుసార్లు తొడుగు మార్చుకొన్నవే. రెండవసాక్షి మన ఆర్.టి.సి. బస్సు. నిజాము రైల్వేల రోడ్డురవాణాశాఖ 1932లో 27 బస్సులతో మొదలై, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డురవాణా సంస్థగా రూపొందిన తరువాత, ఆ సంస్థ తన సొంత రీట్రెడింగ్ షాపులనే నడిపినది. కొత్తటైర్లు ముందుచక్రములకు, తొడుగువేసినవి వెనుకచక్రములకు అనునది అక్కడి వాడుక. ఈ యిద్దరు సాక్షులకును ఉమ్మడిగుణము ఒకటున్నది. వీరు తమ టైర్లకే తొడుగు వేయించుకొందురు. ఆ టైరు ఏనాడు కొన్నది, ఎన్ని కిలోమీటర్లు నడచినది, ఎన్నిమార్లు పంక్చరైనది అంతయు పుస్తకములో వ్రాసియుండును. పనికిరానిదానిని త్రోసివేయు అధికారము తనిఖీచేయువానికి కలదు. త్రోసివేసినందుకు అతనికి నష్టము లేదు.

మూడవసాక్షి రోడ్డుపక్కన పడియున్న టైరుముక్క. అమెరికా రహదారులపై పడియుండు రబ్బరుపేలికలన్నియు రీట్రెడు టైర్లవేయని జనులు నమ్ముచుండిరి. మిషిగన్ విశ్వవిద్యాలయపు రవాణా పరిశోధకులు ఆ ముక్కలను ఏరి, పరీక్షించి, 2008లో నివేదిక నిచ్చిరి. కొత్తటైర్ల ముక్కలును రీట్రెడుల ముక్కలును, ఆ రెండురకముల టైర్లు వాడుకలోనున్న నిష్పత్తిలోనే కనబడినవి. చెడుటకు ముఖ్యకారణములు రోడ్డుమీది దెబ్బలు, గాలితక్కువ, అధికమైన వేడి. అవి కొత్తటైరును సయితము విడువవు. అయినను అమెరికా చట్టము బస్సు ముందుచక్రమునకు రీట్రెడును నిషేధించినది. అందులో న్యాయమున్నది. వెనుక జోడుచక్రములలో ఒకటి పగిలినచో రెండవది కొంతసేపైనను బండిని మోయును. ముందుచక్రము పగిలినచో స్టీరింగు డ్రైవరు చేతిలో నిలువదు.

ఇక లెక్క. ఉదాహరణకు మాత్రమే కొన్ని అంకెలు తీసికొందము. కొత్తటైరు వెల 20,000 రూపాయలు, అది 80,000 కిలోమీటర్లు నడచినదనుకొందము. కిలోమీటరుకు 25 పైసలు. అదే ఒడలుకు 7,000 రూపాయలతో తొడుగు వేయించగా మరి 50,000 కిలోమీటర్లు నడచినచో కిలోమీటరుకు 14 పైసలు. ఇట్లు రెండుమార్లు వేయించినచో, మొత్తము 34,000 రూపాయలకు 1,80,000 కిలోమీటర్లు. సగటున సుమారు 19 పైసలు. ఆరు మొదలు పదునాలుగు టైర్లమీద, సంవత్సరముల తరబడి చూచినచో ఇది చిన్నమొత్తము కాదు. లారీబాడుగలో డీజిలు, కిస్తీలు, టోలు పోగా యజమానికి మిగులునది ఏపాటిదో తెలిసినవారికి ఈ ఆరుపైసలలో పిల్లల చదువులున్నవి.

కాని లెక్క ఇంతటితో ముగియదు. ఆ తొడుగు 20,000 కిలోమీటర్లకే ఊడినచో కిలోమీటరుకు 35 పైసలు పడినది, కొత్తదానికంటె ప్రియమైనది. దానికితోడు నడిరోడ్డున బండి నిలిచినందుకు పోయిన దినములు, పాడైన కూరగాయలు, ఊడినపట్టీ తగిలి విరిగిన మడ్‌గార్డు, వెనుకవచ్చు మోటారుసైకిలువాని ప్రాణము. ఈ చివరిదానికి లెక్కలో గడి లేదు. రీట్రెడు లాభమా నష్టమా అనుటలో భేదమంతయు, అది అనుకొన్నన్ని కిలోమీటర్లు నడచునా నడువదా అనుటలో ఉన్నది. అది అతికించిన రబ్బరుమీదకంటె ఒడలు పూర్వచరిత్రమీద ఎక్కువ ఆధారపడును.

టైరు పూర్వచరిత్రను చెరచునవి మన రోడ్లపై ముఖ్యముగా మూడున్నవి. మొదటిది అధికభారము. పది టన్నులకు కట్టిన బండిపై పదునైదు టన్నులు ఎక్కించిననాడే ఒడలు ఆయువు అమ్ముడుపోయినది. రెండవది గాలితక్కువ. వెనుక జోడులో లోపలిచక్రము చేతికందదు గనుక క్లీనరు దానిని చూడడు. గాలితగ్గిన టైరు ప్రక్కలు అడుగడుగున వంగి, లోపల ఉడికిపోవును. రెండవ టైరు ఇద్దరి బరువు మోసి అదియు చెడును. మన వేసవిలో తారురోడ్డు వేడి దీనికి తోడగును. మూడవది లోభము: టైరు నున్నగా గుండై, దారములు కనబడువరకు నడుపుట. గాడి లోతు ఇంకను రెండుమూడు మిల్లీమీటర్లు ఉండగనే విప్పి తొడుగుకు ఇచ్చినవాడు ఆ కొన్నివేల కిలోమీటర్లు నష్టపోయినట్లు కనబడును గాని, ఇరవై వేల రూపాయల ఒడలును నిలుపుకొనును.

నాలుగవది వయస్సు. రబ్బరు వాడకున్నను ముసలిదగును. 2012లో ఇంగ్లండులో సంగీతోత్సవమునుండి తిరిగివచ్చుచున్న బస్సు ముందుటైరు పగిలి ముగ్గురు మరణించిరి. ఆ టైరు వయస్సు 19 సంవత్సరములు దాటినది. గాడులు మాత్రము చూచుటకు బాగుగనేయున్నవి. దుఃఖితులైన బంధువుల పట్టుదలవలన 2021 ఫిబ్రవరినుండి అక్కడ లారీల, బస్సుల ముందుఇరుసుకు పదేండ్లు మించిన టైరు వాడరాదను శాసనము వచ్చినది. అది రీట్రెడు సంగతి కాకపోయినను పాఠమొక్కటే: పైగాడిని చూచి లోపలి బలమును ఊహింపరాదు.

కావున తీర్పు ఇట్లుండవలెను. తన టైరును, తానెరిగిన ఒడలును, తనిఖీచేయు సాధనములున్న కర్మశాలలో తొడుగు వేయించి, వెనుకచక్రములకు వాడుకొను లారీ యజమానికి రీట్రెడు నిస్సందేహముగా లాభము. ముందుచక్రమునకు కొత్తటైరే వేయవలెను. రోడ్డుపక్కదుకాణమున, ఎవరు వాడినదో, ఎంత బరువు మోసినదో తెలియని ఒడలుపై నిగనిగలాడు తొడుగుచూపి సగము వెలకు ఇచ్చు టైరు ఎంత చవకైనను ప్రియమే. చిన్నవ్యానుల సంగతి వేరు. వాని కొత్తటైరు వెలయే తక్కువ గనుక ఆదాయును స్వల్పము. ఒడలు పలుచనిది గనుక రెండవజన్మకు తట్టుకొనుటయు అరుదు. పట్టణములో నెమ్మదిగా సరకులు పంచు వ్యాను తన సొంతటైరుకు ఒకసారి తొడుగు వేయించుకొనవచ్చును. రహదారిపై వేగముగా ప్రయాణికులను చేర్చు వ్యానుకు ఆ కొద్ది ఆదా తగదు.

కర్మశాలకు పోయినవాడు అడుగవలసినవి కొన్నియున్నవి. తీసికొన్న టైరును దీపముక్రింద విప్పిపట్టి లోపల తడిమి చూతురా? మేకుదిగిన సందులను, కంటికానని చిల్లులను కనిపెట్టు యంత్రమున్నదా? అరగదీసినపిమ్మట తుప్పు కనబడినచో యజమానిని పిలిచి చూపుదురా? నా టైరునే నాకు తిరిగి ఇత్తురా, మరియొకటి మార్చి ఇత్తురా? అన్నిటికంటె ముఖ్యముగా, గడచిన నెలలో ఎన్ని టైర్లను పనికిరావని త్రిప్పిపంపినారు? విజయవాడ ఆటోనగరువంటి చోట్ల తరతరములుగా ఈ పనిచేయుచు, వ్రేలితో తట్టి ఒడలు మంచిచెడ్డలు చెప్పగల నిపుణులున్నారు. ఏ టైరునైనను కాదనక తీసికొనువాని దగ్గరకంటె, కొన్నిటిని కాదను వానివద్ద తొడుగు వేయించుట క్షేమము.

వ్యక్తి లాభమునకు మించిన సంగతి ఒకటి మిగిలినది. ఒక లారీటైరు క్రొత్తగా చేయుటకు సుమారు 83 లీటర్ల ముడినూనె కావలెననియు, తొడుగు వేయుటకు 26 లీటర్లు చాలుననియు తొడుగు పరిశ్రమవారి లెక్క. పారవేసిన టైరు నేలలో కలియదు. తగులబెట్టినచో గాలిని విషము చేయును. 2022లో మన ప్రభుత్వము పాతటైర్ల బాధ్యతను తయారీదారులపై ఉంచుచు నిబంధనలు చేసినది. అయితే మంచిపనియను పేరుతో చెడిన ఒడలును రోడ్డెక్కించుట మంచిపని కాదు. పొదుపు వేరు, లోభము వేరు. వస్తువు బలమున్నంతవరకు దానిని వాడుకొనుట పొదుపు. బలము తీరినపిమ్మట కూడ వాడి, ఆ నష్టభారమును దారిన పోవువానిమీద వేయుట లోభము. లారీల సొంతదారులు ఈ భేదమును గుర్తించి, టైరు కొన్ననాటినుండియే ఒక చిన్నపుస్తకములో దాని జాతకము వ్రాసియుంచుకొన్నచో, తొడుగు వేయించవలెనా వలదా అను ప్రశ్నకు సమాధానము ఆ పుస్తకములోనే దొరకును.